పుల్లయ్య ఏం పాపం చేశాడు?

కోవూరు: "ఏందబ్బా, పిచ్చి పుల్లయ్య మాదిరి అట్టా నిలబడిపోయావే!"

"ఆ ఎర్రి వెంగళప్పకి ఎన్ని సార్లు చెప్పినా ఏం అర్థమవుద్ది?"

"ఆయమ్మ పెద్ద సూర్యకాంతం లే. ఆ ఇంట్లో కోడలు నాలుగు రోజులు నిలిస్తే గొప్పే!"

కోవూరు బజారులో, పడుగుపాడు రైలు స్టేషను దగ్గర, పెన్న ఒడ్డు పల్లెల్లోని టీ అంగళ్ల ముందు తెల్లవారింది మొదలు పొద్దు గూకేదాకా ఇలాంటి మాటలు వినబడుతూనే ఉంటాయి. అనేవారు నవ్వుతారు. వినేవారూ నవ్వుతారు. అయితే అదే బల్ల మీద ఒక పక్కగా కూర్చుని టీ తాగే నిజమైన పుల్లయ్య ఒకడుంటాడు. ఎవరూ తనను అనలేదని ఆయనకు తెలుసు. అయినా గ్లాసు కింద పెట్టి మెల్లగా లేచి వెళ్లిపోతాడు.

ఒకరికి అమ్మా నాన్నా పెట్టిన పేరు మరొకరికి తిట్టు ఎలా అయింది? అలా అనడం తప్పా, తమాషానా? పైకి చిన్న విషయంగా కనిపించే ఈ ప్రశ్న పల్లెల్లో చాలామంది మనసుల్లో ముల్లులా ఉంది. బడికి పోయే పిల్లకాయల విషయంలో ఇది మరీ బాధాకరంగా తయారయింది. హాజరు పిలిచేటప్పుడు పుల్లయ్య అనో, పెంచలయ్య అనో వినబడగానే తరగతి అంతా గొల్లుమంటుంది. ఆ పిల్లవాడు తల వంచుకుని "హాజరు" అంటాడు. పదో తరగతి సర్టిఫికెట్టులో పేరు ఎక్కేలోగా మార్చించమని ఇంట్లో పేచీ మొదలు పెడతాడు. ఆ పేరు తాతది. తాత పేరు మనవడికి పెట్టుకుని మురిసిపోయిన తండ్రికి ఏం చెప్పాలో తోచదు.

బిడ్డ బతకాలని పెట్టిన పేరు

అసలు పుల్లయ్య అనే పేరు ఎలా వచ్చిందో ఈనాటి యువకులకు తెలియదు. పెద్దలు చెప్పే సంగతి వింటే నవ్వినవారికి నోట మాట రాదు.

భోజనం చేసి అవతల పారేసిన ఎంగిలి విస్తరాకును పుల్లాకు అంటారు. పూర్వం కొన్ని ఇళ్లలో పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోయేవారు. అలా ఇద్దరు ముగ్గురు పోయాక మళ్లీ బిడ్డ పుడితే, ఆ పసికందును పుల్లాకుల మీద పడుకోబెట్టి, 'ఇది మాకు పనికిరాని బిడ్డ' అన్నట్లు చూపించి, మళ్లీ ఎత్తుకునేవారు. మృత్యువు కంట పడకుండా, దిష్టి తగలకుండా చేసే ఉపాయం అది. ఆ బిడ్డకు పుల్లయ్య అనో, పుల్లమ్మ అనో పేరు పెట్టేవారు. కుప్ప మీద వేసి తీసుకుంటే కుప్పయ్య, కుప్పమ్మ. పెంట మీద పెట్టి ఎత్తుకుంటే పెంటయ్య, పెంటమ్మ. బిడ్డను తవుడుకు అమ్మినట్లు చేసి తిరిగి కొనుక్కుంటే తవుడు, తవిటయ్య. బిచ్చమెత్తి పేరు పెడితే బిచ్చయ్య, భిక్షమయ్య.

ఆ రోజుల్లో మసూచి, కలరా, ధనుర్వాతం ఏ ఇంటినీ వదలలేదు. 1971లో కూడా మన దేశంలో పుట్టిన ప్రతి 1000 మంది శిశువుల్లో 129 మంది ఏడాది నిండకుండానే కన్ను మూసేవారు. ఆ సంఖ్య ఇప్పుడు 30 లోపునకు తగ్గింది. టీకాలు, ఆసుపత్రి కాన్పులు వచ్చాక పుల్లాకుల మీద పడుకోబెట్టే అవసరం తీరిపోయింది. పేరు మాత్రం మిగిలింది.

అంటే పుల్లయ్య అన్న పేరు వెనుక ఒక తల్లి కడుపుకోత ఉంది. అంతకు ముందు పోయిన బిడ్డల జ్ఞాపకం ఉంది. ఈ ఒక్కడైనా దక్కాలన్న మొక్కు ఉంది. ఆ పేరును తీసుకుని తెలివితక్కువ వాడికి తగిలించడం ఎంతవరకు న్యాయమో ఆలోచించవలసిన విషయం.

పుల్లయ్య మీద ఒక సామెత కూడా ఉంది. పుల్లయ్య వేమవరం వెళ్లి వచ్చినట్లు అంటారు. రేపు పుల్లయ్యను వేమవరం పంపాలని యజమాని రాత్రి అనుకోవడం విని, పుల్లయ్య తెల్లవారక ముందే లేచి వేమవరం పోయి వచ్చాడట. ఎందుకు వెళ్లాలో అడగలేదు గనుక పుల్లయ్య తెలివితక్కువ వాడని లోకం తేల్చేసింది. కానీ చీకట్లో లేచి అన్ని మైళ్లు కాలినడకన తిరిగి వచ్చిన పనివాడి కష్టాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. 1953లో ఎన్.టి. రామారావు సొంత సంస్థ నేషనల్ ఆర్ట్ థియేటర్ 'పిచ్చి పుల్లయ్య' చిత్రం తీసింది. అందులో పుల్లయ్య మంచితనం గల పల్లెటూరి అమాయకుడు. జనం నోట మాత్రం పుల్లయ్య పోయి పిచ్చి మిగిలింది.

'శ్రీ వెంకటేశ్వర మహాత్మ్యం' వంటి చిత్రాలను తీసిన ప్రసిద్ధ దర్శకుడు పి. పుల్లయ్య మన నెల్లూరు బిడ్డేనన్న సంగతి ఈ సందర్భంలో గమనార్హం. తెలుగు సినిమాకు దారి వేసిన పెద్దల్లో ఆయన ఒకరు. ఆయన పేరు మార్చుకోలేదు. తెర మీద పుల్లయ్య అనే వేసుకున్నారు.

కోన స్వామి పేరు, నర్రవాడ తల్లి పేరు

నెల్లూరు జిల్లాలో ఎక్కడికి పోయినా పెంచలయ్య, పెంచలమ్మ తగులుతారు. రాపూరు మండలం పెంచలకోనలో వెలసిన పెనుశిల లక్ష్మీనరసింహస్వామి పేరు అది. కోనకు మొక్కుకుని, బిడ్డ పుడితే ఆ పేరు పెట్టుకోవడం ఇక్కడి ఆచారం. దుత్తలూరు మండలం నర్రవాడలో వెంగమాంబ పేరంటాలు గుడి ఉంది. ఏటా అక్కడ జరిగే ఉత్సవాలకు జనం తండోపతండాలుగా వెళతారు. ఆ తల్లి పేరున వెంగయ్యలు, వెంగమ్మలు ఎందరో ఉన్నారు. 2022లో తిరుపతి జిల్లాలో కలిసిన సూళ్లూరుపేట చెంగాళమ్మ పేరున చెంగయ్యలు, చెంగమ్మలు ఉన్నారు.

వెంకటాచలం మండలం కసుమూరు దర్గా మాట వేరే చెప్పనక్కరలేదు. అక్కడికి మతంతో పని లేకుండా అందరూ వెళతారు. అందువల్లనే మన పల్లెల్లో హిందువుల ఇళ్లలోనూ మస్తానయ్య, మస్తానమ్మ అనే పేర్లు కనిపిస్తాయి. ఇలాంటి పేర్లు వింటేనే మనిషి నెల్లూరు వాడని చెప్పవచ్చు. అలాంటి పేరున్న వాడు పట్నం పోయి చదువుకునేటప్పుడు, ఉద్యోగానికి వెళ్లినప్పుడు తోటివారి వెకిలి నవ్వు భరించవలసి రావడం విచారకరం.

ఇక వెర్రి వెంగళప్ప సంగతి. ఈ మాటకూ నర్రవాడ వెంగమాంబ పేరుకూ సంబంధం లేదు. 'వెంగలి' అంటే అవివేకి అని తెలుగు నిఘంటువుల్లో ఉంది. ఆ పాత మాట వాడుకలో లేకుండా పోయింది. తిట్టులో మాత్రం నిలిచింది. చెవికి ఒకేలా వినబడడం వల్ల వెంగయ్యలు, వెంగళరావులు అనవసరంగా మాట పడుతున్నారు. జలగం వెంగళరావు 1973 డిసెంబరు నుంచి 1978 మార్చి దాకా ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా పనిచేశారు. ఆ నాలుగేళ్లకు పైగా ఆయన సంతకం లేనిదే రాష్ట్రంలో పెద్ద ఫైలు కదలలేదు.

చెవికి వినబడిందే లెక్క అయితే మన తిక్కన గతి ఏమిటి? మహాభారతంలో విరాటపర్వం మొదలు 15 పర్వాలను తెనిగించిన తిక్కన సోమయాజి నెల్లూరు వాడు. కోవూరు పక్కనున్న పాటూరుతో ఆయన వంశానికి అనుబంధం ఉందని ఇక్కడి వారు గర్వంగా చెప్పుకుంటారు. తిక్క అన్న మాట తిట్టే. 1968లో 'తిక్క శంకరయ్య' అన్న సినిమా కూడా వచ్చింది. అయినా తిక్కన పేరు విని నవ్వే తెలుగువాడు లేడు. ఆయన చేసిన పని ఆ పేరుకు అంతటి గౌరవం తెచ్చింది. కనుక లోపం పేరులో లేదన్నది స్పష్టం.

సూర్యకాంతం కథ

మగవారి పేర్ల సంగతి ఇలా ఉంటే, ఆడవారి పేర్లలో సూర్యకాంతానికి జరిగినంత అన్యాయం మరి దేనికీ జరగలేదు.

సూర్యకాంతం అంటే సూర్యకిరణం సోకితే వెలిగే మణి. ఎంత చక్కని పేరు! 1924లో కాకినాడ దగ్గర పుట్టిన నటి సూర్యకాంతం గయ్యాళి అత్తగా, సవతి తల్లిగా తెర మీద జీవించారు. 1962లో వచ్చిన 'గుండమ్మ కథ' చూడని తెలుగువారు అరుదు. చెయ్యి తిప్పి ఆమె ఒక్క మాట అంటే హాలులో ఆడవాళ్లు శాపనార్థాలు పెట్టేవారు. నటిగా అది ఆమె సాధించిన గెలుపు. కాని ఆ గెలుపు పేరుకు శాపమైంది. ఆ తర్వాత ఆడపిల్లకు సూర్యకాంతం అని పేరు పెట్టుకునే తల్లిదండ్రులు దాదాపు లేకుండా పోయారు. అంతకు ముందే ఆ పేరున్న స్త్రీలు ఊళ్లో మాట పడ్డారు.

తెర వెనుక ఆమె మెత్తని మనిషి. షూటింగుకు ఇంటి నుంచి పలహారాలు తెచ్చి తోటి నటులకు, పనివారికి కొసరి కొసరి పెట్టేవారని ఆమెతో పనిచేసినవారంతా చెప్పారు. అంటే ఆ నటి గయ్యాళి కాదు. ఆ పేరున్న పల్లెటూరి సూర్యకాంతమ్మ కూడా గయ్యాళి కాదు. అయినా ఇద్దరి పేరూ తిట్టుగా మారింది.

దీనికి ఎదురుగా ఎంకి కథ ఉంది. ఎంకి, సుబ్బి అంటే ఊరూ పేరూ లేని ఆడవాళ్లని లోకం చిన్నచూపు చూసింది. సుబ్బి పెళ్లి ఎంకి చావుకొచ్చిందన్న సామెత అందుకు సాక్ష్యం. అలాంటి పేరును నండూరి సుబ్బారావు తీసుకుని 'ఎంకి పాటలు' రాశారు. 1925లో అవి పుస్తకంగా వచ్చాక ఎంకి తెలుగువారి ముద్దు బిడ్డ అయింది. జనం నోరే పేరును దించుతుంది. జనం నోరే పేరును ఎత్తుతుంది.

ఒకే పేరు, రెండు పిలుపులు

పల్లెల్లో పేరుతో తిట్టడానికి ఇంకో దారి కూడా ఉంది. అది సామెతల కన్నా లోతుగా గుచ్చుకుంటుంది.

ఒకే వీధిలో ఇద్దరు సుబ్బయ్యలు ఉంటారనుకుందాం. పది ఎకరాల మాగాణి ఉన్న సుబ్బయ్య 'సుబ్బయ్య గారు' అవుతాడు. ఆ మాగాణిలో నాట్లు వేసి, కోతలు కోసే సుబ్బయ్య 'సుబ్బిగాడు' అవుతాడు. వెంకయ్య 'ఎంకడు' అవుతాడు. పుల్లయ్య 'పుల్లిగాడు' అవుతాడు. అరవై ఏళ్లు పైబడిన ముసలాయనను పాతికేళ్లు నిండని కుర్రవాడు "ఒరేయ్ పుల్లిగా" అని కేకేసిన రోజులు ఈ ప్రాంతంలో పెద్దవారికి ఇంకా గుర్తున్నాయి. అక్కడ కొత్తగా తిట్టు ఏదీ వాడలేదు. పేరులో ఉన్న 'అయ్య' అన్న రెండక్షరాలు తీసేశారంతే. మనిషికి ఉన్న మర్యాద ఆ రెండక్షరాల్లోనే ఉంది.

ఈ సందర్భంలో కోవూరు ప్రాంతం ఒక పెద్దమనిషిని తలుచుకోవాలి. కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య 1913లో అప్పటి కోవూరు తాలూకా అలగానిపాడులో పుట్టారు. ఇంట్లో పెట్టిన పేరు సుందరరామిరెడ్డి. కులాన్ని చెప్పే తోక తనకు అక్కరలేదని ఆయన దాన్ని తీసేశారు. వట్టి సుందరయ్యగా మిగిలారు. కులం పేరు పోయినందువల్ల ఆయనకు గౌరవం ఏమీ తగ్గలేదు. కూలివాడి పేరు నుంచి 'అయ్య'ను తీసేసే వాళ్లున్న సీమలో, తన పేరులోంచి తానే కులాన్ని తీసేసుకున్న మనిషి పుట్టడం చెప్పుకోదగ్గ విషయం.

'ఏ ఎంకయ్యో, సుబ్బయ్యో' అంటే ఎవడో అనామకుడని అర్థం. కాని వెంకటాచలం మండలం చవటపాళెంలో పుట్టిన వెంకయ్య నాయుడు 2017 నుంచి 2022 దాకా భారత ఉపరాష్ట్రపతిగా ఉన్నారు. అనామకుడి పేరని చెప్పుకునే వెంకయ్య ఢిల్లీలో రాజ్యసభ నడిపారు.

చట్టం ఏమంటుంది?

ఎవరినైనా పిచ్చి పుల్లయ్య అన్నంత మాత్రాన పోలీసులు కేసు పెట్టరు. అయితే కావాలని అవమానించి, ఎదుటివాడు గొడవకు దిగేలా రెచ్చగొడితే అది నేరమే. ఇదివరకు భారత శిక్షాస్మృతిలో 504వ సెక్షనుగా ఉన్న ఈ నిబంధన, 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 352వ సెక్షనుగా ఉంది. రెండేళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు.

కులం పేరుతో దూషించడం మాత్రం చాలా పెద్ద నేరం. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం నలుగురిలో ఆ కులాల వారిని కులం పేరు పెట్టి దూషిస్తే ఆరు నెలలకు తగ్గకుండా, ఐదేళ్ల దాకా శిక్ష విధిస్తారు. "అది వాళ్ల కులం పేరే గదా, లేనిది అన్నామా" అని వాదించే వారున్నారు. ఇదే వాదన 2008లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దాకా పోయింది. ఒక మాటకు పుట్టుకతో ఉన్న అర్థం ఒక్కటే చూస్తే చాలదని, నేడు జనం దాన్ని ఏ ఉద్దేశంతో వాడుతున్నారో చూడాలని కోర్టు స్పష్టం చేసింది. కించపరిచేందుకు అన్నప్పుడు కులం పేరు తిట్టే అవుతుందని తేల్చింది.

పుల్లయ్య పేరుకూ, కులం పేరుకూ పోలిక పెట్టలేం. కులం పేరు వెనుక తరతరాల అణచివేత ఉంది. అందుకే దానికి వేరే చట్టం ఉంది. కాని కోర్టు చెప్పిన సూత్రం రెండింటికీ వర్తిస్తుంది. మాట మంచిదా చెడ్డదా అన్నది నిఘంటువు ఒక్కటే తేల్చదు. అనేవాడి ఉద్దేశం, వినేవాడి స్థితి కూడా తేలుస్తాయి.

పరాయి దేశాల్లోనూ అంతే

ఈ జాడ్యం మనకే పరిమితం కాదు. అమెరికాలో కేరెన్ అనే పేరు 1965లో ఆడపిల్లలకు పెట్టే పేర్లలో 3వ స్థానంలో ఉండేది. 2020 ప్రాంతంలో దబాయించి మాట్లాడే, నల్లవారిపై ఊరకే పోలీసులకు ఫిర్యాదు చేసే తెల్ల స్త్రీలను కేరెన్ అని వెక్కిరించడం మొదలైంది. ఏ పాపం ఎరుగని కేరెన్లు ఎందరో తమ పేరు చెప్పుకోవడానికి ఇబ్బంది పడ్డారు.

జర్మనీలో కెవిన్ అనే పేరుకు అదే గతి పట్టింది. 2009లో ఓల్డెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం వారు బడి పంతుళ్లను విచారించగా, కెవిన్ అనే పేరున్న పిల్లవాడు చదవడని, అల్లరి చేస్తాడని చాలామంది ముందే అనుకుంటున్నట్లు బయటపడింది. పిల్లవాడు నోరు తెరవక ముందే పేరు చూసి పంతులు మార్కు వేసేశాడన్నమాట. మన బళ్లలో పెంచలయ్యకు, పుల్లయ్యకు జరిగేది దీనికి భిన్నం కాదు.

తమాషాకు అంటే తప్పా?

"తరతరాలుగా వస్తున్న సామెతలు, సరదా మాటలు మానేస్తే భాషలో ఏం మిగులుద్ది? ఎవరినీ ఉద్దేశించి అనలేదు గదా!" అని కొందరు పెద్దలు అనవచ్చు. అందులోనూ న్యాయం లేకపోలేదు. బావా బావమరిది ఎకసెక్కాలాడుకుంటే, ఈడు స్నేహితులు ఒకరినొకరు వెంగళప్పా అనుకుంటే తప్పు పట్టేవారు ఉండరు. వాళ్లిద్దరూ సమానం. ఈరోజు ఇతను అంటే రేపు అతను అంటాడు.

శకుని, మంథర అని తిట్టడం వేరు. వాళ్లు చేసిన పనులు కథలో ఉన్నాయి. ఆ పేర్లు ఎవరూ పెట్టుకోరు గనుక ఊళ్లో ఎవరికీ తగలవు. గిరీశం అన్నా అంతే. 'కన్యాశుల్కం' చదివినవారికి గిరీశం చేసిన మోసాలు తెలుసు. పుల్లయ్య మోసం చేయలేదు, చాడీలు చెప్పలేదు. అతని పేరు పేదవాడి పేరు, పల్లెటూరి పేరు, పాతకాలపు పేరు. ఆ ఒక్క కారణానికే అది తిట్టయింది. పేరును వెక్కిరిస్తున్నామని అనుకుంటూ పల్లెటూరినీ, పేదరికాన్నీ వెక్కిరిస్తున్నాం. ఆ వెక్కిరింపు మన పల్లెటూరి నోటి నుంచే రావడం మరింత శోచనీయం.

పేరు మార్చుకోవడం ఇప్పుడు కష్టమేమీ కాదు. దరఖాస్తు పెట్టి గెజిట్‌లో ప్రకటన వేయిస్తే సరిపోతుంది. అలా మార్చుకునేవారిని తప్పు పట్టలేం. ఎవరి పేరు వారి ఇష్టం. కాని నచ్చక మార్చుకోవడం వేరు, నలుగురి నవ్వుకు జడిసి మార్చుకోవడం వేరు. పిల్లవాడు జడిసి మార్చుకుంటే ఆ నవ్విన నలుగురిదే తప్పు.

ఈ విషయంలో ముందు చొరవ చూపవలసింది ఉపాధ్యాయులు. పుల్లాకు మీద పడుకోబెట్టిన బిడ్డ కథ ఒక్కసారి తరగతిలో చెబితే ఆ నవ్వు ఆగిపోతుంది. ఇంట్లో తాతలు, అవ్వలు కూడా పిల్లకాయలకు వాళ్ల పేరు ఎందుకు పెట్టారో చెప్పాలి. ఏ కోనకు మొక్కుకున్నారో, ఏ దర్గాకు నడిచి వెళ్లారో, ఎవరి జ్ఞాపకంగా ఆ పేరు నిలుపుకున్నారో తెలిసిన పిల్లవాడు హాజరు పిలిచినప్పుడు తల వంచుకోడు.

టీ అంగడి బల్ల మీద కూర్చున్న పెద్దలు చేయవలసింది ఇంకా సులువు. తిట్టవలసి వస్తే తిట్టండి, చేసిన పనిని తిట్టండి. పక్కన కూర్చున్న పుల్లయ్యను మాత్రం పూర్తి పేరుతో, 'అయ్య'తో సహా పిలవండి. ఆయన టీ సగంలో వదిలి లేచిపోకుండా ఉంటే అంతే చాలు.